ఏమీ పెట్టని పందిరి

ఆ రోజుల్లో ఒకరికి పట్టెడన్నం పెట్టాలంటే పొయ్యి, కుండ, మనసు ఉంటే చాలని లోకమంతా అనుకునేది. దానికి నాలుగు సెమిస్టర్లు కావాలని నమ్మినదాన్ని మా వంశంలో నేనొక్కదాన్నే. తిరుపతిలో ఒక కళాశాలలో ‘స్వచ్ఛంద సేవా సంస్థల నిర్వహణ’ అనే స్నాతకోత్తర కోర్సు కొత్తగా పెట్టారని తెలిసి అందులో చేరాను. తరగతిలో మేము తొమ్మిదిమందిమి. అందులో ముగ్గురు వేరే ఎక్కడా సీటు రాక చేరినవారు, ఇద్దరు హాస్టలు కోసం చేరినవారు. (మిగిలిన నలుగురిలో నేనొకదాన్ని. తక్కిన ముగ్గురి ఉద్దేశాలు నా డైరీలో నమోదు కాలేదు.) ఆ డైరీ అలవాటు నాకు పదమూడో ఏట మొదలైంది. ఎవరు ఎన్ని గంటలకు వచ్చారు, ఎన్ని నిమిషాలు కూర్చున్నారు, ఏమన్నారు అన్నీ అందులో ఉంటాయి. ఇప్పుడు చెప్పబోయే మూడు రోజులూ అందులోంచే ఎత్తి రాస్తున్నాను. కాబట్టి ఇందులో అతిశయోక్తి కనిపిస్తే ఆ తప్పు జరిగిన సంగతులదే గాని నాది కాదు.

చిత్తూరులో బెల్లం మండీలో పనిచేసే మా నాయనకు ఈ చదువు సంగతి చెప్పినప్పుడు ఆయన కండువా దులిపి భుజాన వేసుకొని, “పేదోళ్ళకు పెట్టేదానికి గూడా సదువుండాదా? మీ అవ్వ ఏం సదివిందని బతికినన్నాళ్ళూ పెట్టింది?” అన్నారు. అవ్వ పెట్టింది గాని ఎందరికి పెట్టిందో లెక్క లేదు కదా నాయనా అన్నాను. “లెక్క బెట్టింటే పెట్టేదే కాదు” అన్నారాయన. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఒక్క పరీక్ష తప్పినా కోర్సు అంతటితో మాని, శ్రీ సిటీలో మా మేనమామ చూసిపెట్టిన ఉద్యోగంలో చేరిపోవాలి. ఫ్యాక్టరీ నుంచి బయటికి పోయే అట్టపెట్టెలను లెక్కపెట్టడం ఆ ఉద్యోగం. అది నాకు అద్భుతంగా సరిపోతుందని నాకూ తెలుసు. నా భయమంతా అదే.

మూడు సెమిస్టర్లు సజావుగా గడిచాయి. నాలుగోదానిలో క్షేత్రకార్యం వచ్చింది. మా ఆచార్యులను మేము ‘లక్ష్యం సారు’ అనేవాళ్ళం. ఎదురుగా ఎవరు ఏం చెప్పినా ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకొని, “మీ లక్ష్య సమూహం ఎవరు?” అని అడిగేవారు. (క్యాంటీన్‌లో రెండు దోసెలు తెమ్మన్నా అడిగేవారని ప్రతీతి, నేను స్వయంగా విన్నది ఒక్కసారే.) ఆయన నియమం ఇది: ప్రతి విద్యార్థీ ఒక సేవా కార్యక్రమాన్ని సొంతంగా రూపొందించి మూడు రోజులు నడపాలి; సేవ అందుకున్నవారి చేత రెండు వందల అభిప్రాయ పత్రాలు నింపించాలి; మూడో రోజు ఆయనే వచ్చి చూస్తారు. రెండు వందలకు ఒక్కటి తగ్గినా తప్పినట్టే.

నేను తమిళుల పెరటాసి నెలను ఎంచుకున్నాను. ఆ నెల శనివారాలకు తిరుమల చేరుకోవాలని చిత్తూరు మీదుగా, ఇంకా ఆవల తమిళ ఊళ్ళనుంచి, పసుపు బట్టలు కట్టుకొని జనం గుంపులు గుంపులుగా నడిచి వస్తారు. మా పెద్దమ్మ ఇల్లు పూతలపట్టు దాటాక రోడ్డుకు ఆనుకొనే ఉంది. ఇంటి ముందు పందిరి వేసి, నడిచేవారికి రాగి అంబలి పోయాలని ఇరవైరెండు పుటల ప్రణాళిక రాశాను. అందులో ‘అవసరాల అంచనా’ అనే అధ్యాయం తప్పనిసరి. అందుకని పెద్దమ్మను కూర్చోబెట్టి, “నడిచి వచ్చేవాళ్ళకు ఏం కావాలి పెద్దమ్మా?” అని అడిగాను. “నడిసొచ్చేటోళ్ళకు ఇంగేం గావాల, కడుపుకింత కావాల” అంది. ఆ జవాబును నాలుగు పుటలకు పెంచి రాశాను. నడిచి వచ్చేవాళ్ళలో ఒక్కరినీ అడగలేదన్న విషయం అప్పట్లో నాకు లోపంగా తోచలేదు, సారుకూ తోచలేదు.

గురువారం ఉదయం అయిదూ నలభైకి పందిరి కింద బానెడు అంబలితో నిలబడ్డాను. తెల్లవారాక చూస్తే రోడ్డుకు అవతలి పక్క ఉప్మా మామ పందిరి. ఆయన మాకు చుట్టమేమీ కాదు. ఏటేటా ఈ నెలలో అక్కడ ఉప్మా పెడతాడు గనక ఊరందరికీ ఉప్మా మామ. ఆయన పక్కన చిత్రాన్నం, దాని పక్కన పొంగలి, తర్వాత మజ్జిగ, బోండాలు, మళ్ళీ పొంగలి. పూతలపట్టు కూడలినుంచి మా ఇంటి వరకు పద్నాలుగు పందిళ్ళున్నట్టు ఆ సాయంత్రం నడిచి లెక్కపెట్టాను. (ప్రణాళిక రాసే ముందు నడవవలసింది.) మా దగ్గరికి చేరేసరికి నడిచేవారి కడుపులు గొంతువరకు నిండి ఉండేవి. కొందరు మమ్మల్ని చూడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నడిచేవారు. కొందరు మమ్మల్ని తప్పించుకోవడానికి రోడ్డు దాటేవారు, అటుపక్క ఉప్మా మామ రెండు చేతులూ జోడించి, “సామీ, ఒక్క పిడికిడు! నా తల్లిగదా, ఒక్క పిడికిడు!” అని దారికి అడ్డం నిలబడేవాడు. అప్పుడు వాళ్ళు మళ్ళీ ఇటు వచ్చేవారు. ఆ రోజు అంబలి పుచ్చుకున్నది పదకొండుమంది. అందులో ఏడుగురు పది అడుగులు వేసి, ఒక నల్లకుక్కకు పోసి వెళ్ళారు. ఆ కుక్కను ‘పరోక్ష లబ్ధిదారు’ల పట్టికలో చేర్చాను. అది అభిప్రాయ పత్రం నింపదు గనక ఆ రోజు వచ్చిన పత్రాలు నాలుగు.

“నీ అంబలి ఎవురికి గావాల? పులిహోర జేద్దాం, వడ గూడా ఏద్దాం” అంది పెద్దమ్మ. ప్రణాళికలో వడ లేదన్నాను. శుక్రవారం మధ్యాహ్నానికి మరో రెండు పత్రాలు వచ్చాయి, అంబలి పులిసింది. పెద్దమ్మ ఒక్క మాటైనా అనకుండా బానెడూ తీసుకుపోయి గేదె కుడితిలో పోసింది. నేను ఖాళీ బాన పక్కన కూర్చుని, ఆరు పత్రాలను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, నిమిషానికి ఎన్ని అట్టపెట్టెలు లెక్కపెట్టగలనో మనసులో అంచనా వేసుకుంటున్నాను. అప్పుడు ఒక అవ్వ వచ్చి పందిరి అంచున నిలబడింది. గుడియాత్తం దిక్కునుంచి నడిచి వస్తున్నదట. లోపలికి రాకుండా, మెడ మాత్రం చాచి అడిగింది.

“పాపా, ఈడ కూసుంటే ఏమన్నా తినాల్నా?”

“లేదవ్వా.”

“తాగాల్నా?”

“ఏమీ లేదవ్వా. ఉన్నది అయిపోయింది.”

“ఆ బానలో?”

“ఖాళీ.”

అవ్వ నమ్మలేదు. వచ్చి బానలోకి తొంగిచూసింది. తర్వాత నా తలమీద చెయ్యిపెట్టి, “నువ్వు సల్లగుండాల తల్లీ” అని దీవించి, గోడకు ఆనుకొని కాళ్ళు బారజాపింది. ఆపైన రోడ్డువైపు తిరిగి గొంతెత్తి, “వాంగడీ! ఇట్ల రాండి! ఈడ ఏమీ లేదంట!” అని కేకేసింది. పదహారుమంది ఆడవాళ్ళు పరుగులాంటి నడకతో వచ్చి పందిరినిండా కూర్చున్నారు. చిత్తూరునుంచి ఇక్కడిదాకా నీడ కనబడ్డ ప్రతిచోటా ఎవరో ఒకరు విస్తరి పట్టుకొని నిలబడి ఉన్నారని, కూర్చుంటే తినాలని, తినకుంటే పెట్టేవాళ్ళ ముఖాలు చిన్నబోతాయని, అందువల్ల పొద్దుటినుంచి తాము కూర్చోనే లేదని అవ్వ చెప్పింది. “పాపం, పెట్టేటోళ్ళను ఏమనేదానికి లేదు. పుణ్యాత్ములు. గాని కాళ్ళకు పుణ్యం తెలీదు గదమ్మా” అంది.

నేను పత్రాలు తీశాను. ప్రశ్నలు నేను చదువుతుంటే వాళ్ళు జవాబులు చెప్పారు. మీకు ఏమి అందింది? ఏమీ లేదు. అందినది సరిపోయిందా? సరిపోయింది. నాణ్యత ఎలా ఉంది? శానా బాగుండాది. ఏమైనా మెరుగుపరచాలా? ఏం జేయొద్దు, ఇట్లే ఉండనీ. పదిహేడు పత్రాల్లోనూ దాదాపు ఇవే జవాబులు. ఆ సాయంత్రానికి మొత్తం ఎనభైనాలుగయ్యాయి. రాత్రి భోజనానికి ముందే ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి పందిరికి కట్టాను: ‘ఇచ్చట ఏమియు పెట్టబడదు. కూర్చొనవచ్చును.’

దాంతో పెద్దమ్మకు ఏడుపు ఒక్కటే తక్కువైంది. “ఏమే, మా ఇంటి ముందర ఏమీ పెట్టరని రాస్తావా? రేపు ఊళ్ళో నేను తలెత్తుకొని తిరగాల్నా వద్దా? మీ పెదనాయన బతికున్నప్పుడు ఈ ఇంట్లో పొయ్యి ఆరిందే లేదే!” అంది. శనివారం తెల్లవారగానే ఉప్మా మామ రోడ్డు అవతలినుంచి బోర్డు చదివి, గరిటె పట్టుకొనే వచ్చాడు. “ఏంది సెల్లెమ్మా ఇది? కష్టమొస్తే నాకు జెప్పగూడదా? రొంత రవ్వ అంపిస్తా గదా!” అన్నాడు ఎంతో జాలిగా. ఆ జాలితో పెద్దమ్మ సగం చచ్చింది. ఆనాటి ఉదయం ఆమె కొంగుచాటున అరటిపళ్ళు తెచ్చి, నేను చూడకుండా ఒకాయన చేతిలో పెట్టింది. ఆయన ఉలిక్కిపడి చెప్పులు వేసుకున్నాడు; ఆయన వెంట మరో అయిదుగురు లేచిపోయారు. పెద్దమ్మను ఇంట్లోకి పంపించి తలుపు గొళ్ళెం పెట్టాను. (పదకొండు నిమిషాలే. ఆమె మాత్రం ఇప్పటికీ గంట అంటుంది.)

లక్ష్యం సారు పదకొండూ ఇరవైకి వచ్చారు. పూతలపట్టులో బస్సు దిగి, క్షేత్రాన్ని కళ్ళారా చూద్దామని నడిచారట. సేవారంగాన్ని బోధించే మనిషి సేవను కాదనడం బాగుండదని తొమ్మిది పందిళ్ళలో పుచ్చుకున్నారట. చేతిలో ఇంకా సగం పొంగలి ఉన్న దొన్నె, నుదుటిమీద చెమట. బోర్డును రెండుసార్లు చదివారు.

“ఇది వ్యంగ్యమా?”

“కాదు సార్, సమాచారం.”

“మీ లక్ష్య సమూహం ఎవరు?”

“తిని ఉన్నవాళ్ళు సార్.”

ఆయన దొన్నె నా చేతికిచ్చి, చాపమీద ఒరిగారు. యాభైరెండు నిమిషాలు నిద్రపోయారు. లేచి, కళ్ళద్దాలు వెతుక్కొని, తామే అడిగి ఒక పత్రం నింపారు. ఏమైనా మెరుగుపరచాలా అన్న నాలుగో ప్రశ్నకు జవాబుగా ‘దిండు’ అని రాశారు.

మూడున్నరకు రోడ్డు ఖాళీ అయింది. ఆ వారం నడిచేవాళ్ళంతా ముందుకు వెళ్ళిపోయారు. ఇక ఎవరూ రారు. పత్రాలు లెక్కపెట్టాను: సరిగ్గా రెండు వందలు. సారు కలం తీసి, మార్కుల కాగితంమీద వంగారు. ఆ క్షణంలో నేను నోరు మూసుకొని ఉంటే ఈ కథ ఇక్కడితో సుఖాంతమయ్యేది. “సార్, మూల్యాంకనం చేసేవారు లబ్ధిదారులై ఉండకూడదని రెండో సెమిస్టర్‌లో మీరే చెప్పారు. మీ పత్రం చెల్లదు” అన్నాను. పెద్దమ్మ నా నడుం దగ్గర గిల్లిన గిల్లుడు ఎనిమిది రోజులు నల్లగా ఉంది. సారు కలానికి మూత పెట్టారు. “అవును. చెల్లదు” అన్నారు. నూట తొంభైతొమ్మిది.

అవతల ఉప్మా మామ గుండిగలు కడిగి బోర్లించాడు. తెల్లవారుజామున మూడింటినుంచి నిలబడే ఉన్న మనిషి. ఒళ్ళు తుడుచుకొని, అటూ ఇటూ చూసి, మెల్లగా రోడ్డు దాటి వచ్చి, “రొంతసేపు కూసుంటా సెల్లెమ్మా” అన్నాడు. పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. “కూసో అన్నా, కూసో! మజ్జిగ తెస్తానుండు!” అని లోపలికి ఉరకబోయింది.

“బోర్డు సూడు సెల్లెమ్మా” అన్నాడు మామ, కళ్ళు మూసుకుంటూ.

పెద్దమ్మ నిలబడిపోయింది. తర్వాత, ఏం చెయ్యాలో తోచక, తానూ కూర్చుంది. కళ్ళు తెరవకుండానే మామ, “ఇన్నేండ్లుగా పెడతా ఉండా. నన్ను కూసోమన్నోళ్ళు ఎవురూ లేరబ్బా” అన్నాడు, ఎవరితోనూ కానట్టు. నేను పత్రం తీశాను గాని చెయ్యి ఆగింది. “సార్, ప్రణాళికలో లక్ష్య సమూహం ‘కాలినడకన వచ్చేవారు’. మామ ఇక్కడివాడే” అన్నాను. సారు లేచి, పందిరి అంచునుంచి ఉప్మా మామ పొయ్యివరకు నడిచి, మళ్ళీ నడిచి వచ్చారు. “ఇరవైమూడు అడుగులు. నడిచే వచ్చారు” అని తీర్పు చెప్పి సంతకం చేశారు.

చిత్తూరు వెళ్ళి నాయనకు చెప్పాను. ఏం పెట్టి పాసైనావని అడిగారు. ఏమీ పెట్టలేదన్నాను. ఆయన, “దానికైతే సదువు గావాల్సిందే” అన్నారు. ఆ మాటలో ఎంత మెచ్చుకోలు ఉందో నేటికీ తేల్చలేకపోయాను.

ఇప్పుడు నేను ఒక సేవా సంస్థలో కార్యక్రమాల అధికారిని. పోయిన నెల పాత డైరీ కనబడితే, సరదాకు ఆ మూడు రోజుల వివరాలను మా కార్యాలయం కంప్యూటర్‌లోని నమూనాలో నింపి చూశాను. లబ్ధిదారులు: రెండు వందలు. పంపిణీ చేసిన వస్తువుల సంఖ్య: సున్నా. వెంటనే ఎర్రని అక్షరాలు వచ్చాయి: ‘ఈ గడిలో ఒకటి లేదా అంతకు మించిన సంఖ్య నింపవలెను.’ రెండుసార్లు ప్రయత్నించాను, ముందుకు పోనివ్వలేదు. ఈ నిబంధన పెట్టిన తెలివితక్కువవారు ఎవరో తెలుసుకోవాలని ఆ ఉత్తర్వు ఫైలు తెప్పించుకున్నాను. కింద నా సంతకమే ఉంది. అక్షరాలు మాత్రం డైరీలో ఉన్న ఆ అమ్మాయి అక్షరాలకంటే ఎంతో కుదురుగా ఉన్నాయి.