మూత లోపలి గీతలు

మా ఆయన్ని బజారులో అందరూ భూతద్దం అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే ఒక్క క్షణం ఆలోచించి పలుకుతారు. పొద్దున్నే ముందుగదిలో దుకాణం తీయగానే ఆ అద్దం కంటికి బిగిస్తారు. మళ్లీ భోజనానికి లోపలికొచ్చాక నేను గదమాయిస్తేగానీ తీయరు. దాంతో ఆ కన్ను చుట్టూ చర్మం గుండ్రంగా నొక్కుకుపోయింది. పెళ్లైన కొత్తలో అది పుట్టుమచ్చ అనుకున్నాను, నా మొహం.

వాచీలు బాగుచేసేవాళ్లు వీధికొకరుంటారు. ఈయన అసలు పని అది కాదు. పాత వాచీ వెనక మూత తెరిచి, లోపల కొట్టిన ముద్ర చూసి, ఆ కేసు ఎవరి చేతిలో తయారైందో చెప్పడం. లోపలి మిషను ఒకరిది, పైనున్న వెండి కేసు ఇంకొకరిది అవుతుందని నాకూ ఈ ఇంటికొచ్చాకే తెలిసింది. ముద్ర కందిగింజలో సగం ఉంటుంది. అందులో ఒక పక్షో, గొడుగో, రెండక్షరాలో ఉంటాయి. అరిగి సగమే మిగిలినా ఈయన వదలరు. దీపం వైపు తిప్పుతారు, ఊదుతారు, బొటనవేలితో తడుముతారు. తెలియకపోతే తెలియదనే చెప్తారు. అందంగా ఉంటుందని మూత లోపల మెరుగు పెట్టించి ఎవడైనా తెచ్చాడా, వాడి పని అయిపోయినట్టే. "మొహం చెక్కేసి మనిషెవరో చెప్పమంటావా?" అని వాచీ వాడి చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ కోపం ఇంట్లో నా దగ్గర మాత్రం ఎప్పుడూ చెల్లలేదు, నేను చెల్లనివ్వలేదు.

ఈ పిచ్చి ఆయనకు మా మామగారి నుంచి వచ్చింది. మామగారు వెండి కేసులు చేత్తో చేసేవారు. రెండు చుక్కల మధ్య కొడవలి, అదీ ఆయన ముద్ర. చేసినవే కొద్ది, మిగిలినవి ఇంకా కొద్ది. కూతురి పెళ్లికి అల్లుడి కోసం చేసిన కేసు మీద మాత్రం తొందరలో కొడవలి తలకిందులుగా పడింది. అల్లుడికి తగ్గట్టే ఉందిలే అని నవ్వి, అలాగే ఇచ్చేశారట.

ఆ కూతురే మా వదిన, మా ఆయనకు అక్క. పెళ్లైన ఆరేళ్లకు వాళ్లాయన వేరే ఊళ్లో పని చూసుకొస్తానని బస్సెక్కాడు. ఆ వానల్లోనే, ఆయన వెళ్లిన దారిలోనే వంతెన తెగి ఒక బస్సు ఏట్లో కొట్టుకుపోయింది. కొందరు దొరికారు, కొందరు దొరకలేదు. మా ఆయన ఒడ్డు వెంట తిరిగి తిరిగి వట్టి చేతులతో వచ్చారు. వదిన మా ఇంటి పైగదిలో చేరి కుట్టుమిషను పెట్టుకుంది. నేను కుట్టిన గుండీ చూసి, దీన్ని చూస్తే చొక్కాకే సిగ్గేస్తుందే అని ఏడిపించేది. నవ్వేది, నవ్వించేది. కానీ "ఎక్కడైనా బతికున్నాడేమో" అని ఎవరైనా నోరు జారితే మిషను ఆపేసేది. "ప్రాణముంటే నా దగ్గరికి రాకుండా ఉండే మనిషి కాదు" అనేది. ముప్ఫై ఏళ్లుగా ఆవిడకున్న ఆస్తి ఆ ఒక్క మాటే.

పోయిన వేసవిలో పాత సామాన్లు కొనే వ్యాపారి ఒకాయన వచ్చి కొన్ని వాచీలు బల్ల మీద పోశాడు. ఈయన ఒక్కొక్కటే తెరుస్తూ ఒకదాని దగ్గర ఆగిపోయారు. కంటి అద్దం తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. రెండు చుక్కల మధ్య తలకిందులైన కొడవలి. ఇది ఎక్కడిదని అడిగితే, దూరపు పట్నంలో ఎవరో పెద్దాయన పోయాడని, కొడుకులు ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేశారని వ్యాపారి చెప్పాడు. ఆ పెద్దాయన పేరడిగితే, వదిన వాళ్లాయన పేరే చెప్పాడు.

అంతటితో పోలేదు. వాచీ బాగుచేసిన ప్రతివాడూ మూత లోపల సూదిమొనతో తన గుర్తు, ఏడాది గీసి పెడతాడు. అది ఆ పనిలో అలవాటు. మాసిపోయిన పాత గీతలు ఒకటీ అరా పోను, ఈ మూత నిండా ఒకే చేతి గీతలు, వరద వచ్చిన మరుసటేడు నుంచి నిరుటి దాకా. అంటే మా అన్నయ్యగారు ఏట్లో పోలేదు. ఒకే ఊళ్లో ఉండి, పిల్లల్ని కని, పెంచి, హాయిగా ముసలివాడై పోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పోయినవాళ్లను ఏమీ అనకూడదంటారు. నేను అన్నాను, నోరారా అన్నాను.

ఆ దరిద్రాన్ని వ్యాపారి సంచీలోనే వేసి పంపేయమన్నాను. ఈయన వినలేదు. అది నాన్న చేతి పని, అక్క కోసం చేసింది, అక్కకే చేరాలన్నారు. కానీ ఆ గీతలతో ఇస్తే అక్క చదివేస్తుంది, వాచీల ఇంట్లో పుట్టిన మనిషి. ఇవ్వకుండా ఉండలేరు, ఉన్నదున్నట్టు ఇవ్వనూ లేరు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

చివరికి దుకాణం తలుపు దగ్గరగా వేసి, మెరుగుపెట్టే చక్రం తిప్పారు. ఇంకొకరు ఆ పని చేస్తే మీద పడి కొట్టినంత పని చేసే మనిషి, తనే కూర్చుని మూత లోపలి గీతలన్నీ అరగదీశారు. ముద్ర దగ్గరికి రాగానే చక్రం ఆపి, దాని చుట్టూ పుల్లతో మెల్లగా రుద్దారు.  నేను పక్కనే నిలబడి దీపం పట్టుకున్నాను.

సాయంత్రం వదినను కిందికి పిలిచి వాచీ చేతిలో పెట్టారు. బావదే, వరదప్పుడు ఒడ్డున ఎవరికో దొరికిందట, ఇన్నాళ్లూ వాళ్ల పెట్టెలో పడి ఉందట అని చెప్పారు. అబద్ధం చేతకాని మనిషి, గోడకేసి చూస్తూ చెప్పారు. వదిన గోటితో మూత తెరిచి, తలకిందుల కొడవలిని చూసి బావురుమంది. నాన్నదే, ఆయనదే అంటూ ఏడ్చింది. మేమిద్దరం ఊపిరి పీల్చుకున్నాం. కాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుని, మూతను కిటికీ వెలుతురుకు పెట్టింది. బొటనవేలితో లోపలంతా తడిమింది, అచ్చం తమ్ముడు తడిమినట్టే.

"నువ్వు గీసిన గీత ఏదిరా?" అంది.

అన్నయ్యగారు ఊరెళ్లడానికి ముందు ఆ వాచీ ఆగిపోతే బాగుచేసింది మా ఆయనేనట. పని నేర్చుకున్నాక మొట్టమొదట తన గుర్తు గీసుకుంది ఆ మూతలోనేనట, అక్క పక్కనే కూర్చుని చూస్తుండగా. మిగతా గీతలతో పాటు దాన్నీ అరగదీసేశారు. ఆ సంగతి నాకప్పుడే తెలిసింది. ఈయనకూ అప్పుడే గుర్తొచ్చింది.

"ఊరికే మెరుగు పెట్టే రకం కాదు నువ్వు. నాకు కనపడకూడనివి ఏవో ఉంటేనే చెరిపావు. చివరిది ఎప్పటిది?"

ఈయన తల దించుకుని, నిరుటిదని చెప్పారు. మొత్తం ఎన్ని అని అడిగితే, "ఏడాదికొకటి అక్కా" అన్నారు. ఆ మాటతో పాటే ఏడుపూ వచ్చేసింది ఆయనకు. పిల్లల సంగతి ఈయన ఎత్తలేదు, ఆవిడా అడగలేదు. నేను వెళ్లి వదిన భుజం పట్టుకున్నాను. ఆవిడ మాత్రం ఏడవలేదు. నున్నటి ఆ మూతనే చూస్తూ నిలబడింది.

"ఏడాదికోసారి శుభ్రం చేయించాడన్నమాట" అంది. "వాచీని బాగానే చూసుకున్నాడు."