షెరిఫ్ గారికే సమన్లు

అమెరికాలోని ఇండియానా రాష్ట్రం దక్షిణాన మేపుల్‌ఫోర్క్ కౌంటీ జనం ఆర్విల్ స్టట్స్‌మన్‌ను రెండోసారి కూడా షెరిఫ్‌గా, అంటే కౌంటీ పోలీసు పెద్దగా, ఎన్నుకున్నారు. ఆ పదవికి కౌంటీలో కాపురం ఉండాలి, నేరచరిత్ర ఉండకూడదు. చట్టం అడిగేది అంతే. జనం మాత్రం ఓపిక చూస్తారు. ఆర్విల్‌కి అది దండిగా ఉంది. జైలు చూసుకోవడం, రోడ్డెక్కిన ఆవుల్ని తోలడం అతనికి ఓ లెక్క కాదు. కష్టమల్లా కోర్టు కాగితాలు ఇంటింటికీ అందించడమే. టోపీ తీసి, ముందు కుక్కను పలకరించి, కాగితం చేతిలో పెట్టి, వాళ్ళు తిట్టినంతసేపూ గుమ్మంలో నిలబడి వినేవాడు.

ఆ వేసవిలో అతని మేకలు కంచె దూకి పక్కింటి బెర్నీస్ పిన్ని డాలియా మొక్కల మీద పడ్డాయి. కౌంటీ జాతరలో పోటీకని పెంచుకున్న పూలు. ఒక్క మొగ్గ మిగల్లేదు. కంచె బాగుచేస్తానని ఆర్విల్ నిరుటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఈసారి పిన్ని ఆ మాట నమ్మలేదు. తిన్నగా వెళ్ళి దావా వేసింది.

కాగితం షెరిఫ్ ఆఫీసుకే వచ్చింది. డిప్యూటీ రోండా దాన్ని చదివి నవ్వు ఆపుకుంది.

"సార్, ఇది మనం ఇవ్వకూడదు. దీని మీద ఉన్నది మీ పేరే."

షెరిఫ్ మీద దావా పడితే సమన్లు ఇచ్చేది కరోనర్. అంటే చావుల మీద విచారణ చేసే వెండెల్. ఊళ్ళో అంత్యక్రియలు జరిపించేదీ ఆయనే. మధ్యాహ్నం హోటల్లో ఆర్విల్ రొట్టె మధ్య పంది మాంసం ముక్క పెట్టుకుని తింటుంటే, వెండెల్ నల్ల సూటుతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"శవపేటికకి కొలతలు తీసుకోడానికి వచ్చావా ఏంటి?" అన్నాడు ఆర్విల్.

"ఇంకా టైముందిలే. ప్రస్తుతానికి ఇది పుచ్చుకో."

హోటలంతా గొల్లుమంది. ఆర్విల్ చెవులు ఎర్రబడ్డాయి. కాగితం చేతిలో పడగానే దాన్ని రెండువైపులా తిప్పి చూశాడు. ఇన్నేళ్ళూ తను పంచిపెట్టింది ఇదా అనిపించింది.

"తిట్టుకుంటే తిట్టుకో, వింటాను," అన్నాడు వెండెల్.

"నిన్నెందుకు తిట్టడం? తప్పు నాది. చిప్స్ తిను."

విచారణ రోజున కోర్టు వరండాలో ఆర్విల్ పిన్ని పక్కనే కూర్చున్నాడు.

"పిన్నీ, లోపలికెళ్ళి వాదించేదేం లేదు. కంచె నేనే వేస్తా. డాలియా దుంపలు కూడా కొత్తవి తెచ్చి నాటతా."

"ఎప్పుడ్రా? నీ మనవళ్ళకి పెళ్ళిళ్ళయ్యాకా?"

"ఈ శనివారం."

"జడ్జి గారి ముందు చెప్పు ఆ మాట."

చెప్పాడు. జడ్జి ఇద్దరిచేతా సంతకాలు పెట్టించి పంపేశారు.

శనివారం పొద్దున్నే ఆర్విల్ గునపంతో దిగాడు. పిన్ని కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంది.

"ఇంకాస్త లోతుగా తవ్వరా. అవి నీ మేకలు, ఏనుగులకన్నా ఘనం."

దారినపోయే కార్లన్నీ అక్కడికొచ్చేసరికి నెమ్మదించి హారన్ కొట్టాయి. ఆర్విల్ అందరికీ చెయ్యి ఊపాడు. చివరి గుంజ పాతాక పిన్ని దాన్ని రెండు చేతులా ఊపి చూసి, ఇంట్లోకి వెళ్ళి, మీగడ, చక్కెర వేసి కాల్చిన 'పై' అనే తీపి వంటకం పళ్ళెంలో తెచ్చి అతని చేతికిచ్చింది.