తిట్టుకు నెత్తురు రాదు

మా పెద్దత్త పోయిందన్న వార్త నాకు ఒక నవ్వుతో పాటు వచ్చింది. తండావాళ్ల ఫోన్ గ్రూపులో ఎవడో వాయిస్ పెట్టాడు. "అజైబా ముసల్ది ఖలాస్. ఇగ శుక్రవారాలు మనయే," అన్నాడు. వెనక ఇంకొందరు నవ్వారు. నేను రొట్టె కాలుస్తూ విన్నాను. రొట్టె మాడిపోయింది. ఎవరో మందలించినట్టున్నారు, కాసేపటికి ఆ వాయిస్ తీసేసి దాని చోట రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆ నవ్వునైనా మరిచిపోతానేమో కానీ, ఆ బొమ్మను మరిచిపోలేను.

ఆమె మస్కట్‌లో అజైబా అనే పేటలో ఒక ఇంట్లో వంటపని చేసేది. పొద్దున టీ పెట్టడానికి లేవకపోతే మేడమ్ వెళ్లి చూసిందట. నిద్రలోనే గుండె ఆగిపోయింది. మా ఆయనకు పెద్దమ్మ కాబట్టి నాకు పెద్దత్త. ఇక్కడి తండా పిల్లలకు మాత్రం యాడి. మా భాషలో యాడి అంటే అమ్మ. అమ్మ అని పిలిచిన నోళ్లే ముసల్ది అని కూడా అన్నాయి.

సంతాప సభ మస్కట్‌లోనే దార్సైట్ అనే చోట ఒక హాల్లో పెట్టారు. ఇక్కడి తెలుగు సంఘం పెద్దమనిషి మైకు పట్టుకుని, "గిరిజన యువతను సన్మార్గంలో పెట్టిన శాంతమూర్తి, ఓర్పుకు మారుపేరు," అన్నాడు. నన్ను కూడా మాట్లాడమన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాను. మనుషుల ముందు నాకు మాట రాదు. ఆశ్రమ పాఠశాలలో చదివింది నాలుగైదు తరగతులే అయినా రాయడం వచ్చు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమెకు ఓర్పు లేదు. శాంతం అసలే లేదు. ఎవరినో ఒకరిని తిట్టనిదే ఆమెకు టీ దిగేది కాదు. ఆ ఎవరో ఒకరు చాలాసార్లు నేనే. ఇక మైకు పట్టుకున్న పెద్దమనిషి సంగతి. కొట్టుకుంటున్న తండా పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడాలి, ఒక్క పూట ఇదే హాలు ఇవ్వమని ఆమె ఆయన దగ్గరికే వెళ్లింది. పక్కన నేనూ ఉన్నాను. ఇద్దరినీ గుమ్మం దగ్గరే నిలబెట్టి, "మీ లంబాడోళ్ల కొట్లాటలు మా నెత్తికెందుకమ్మా? హాలు ఖరాబైతది," అన్నాడు.

"అయితే హాలు నువ్వే నెత్తిన పెట్టుకో అన్నా," అంది ఆమె. "ఎండ తగలకుంట ఉంటది."

ఇప్పుడు ఆ హాల్లోనే ఆమె ఫోటోకు దండ వేశారు. ఫోటోకైతే హాలు దొరికింది.

మా పిల్లలు ఇక్కడ బ్యాచులు కట్టింది మొదట భయంతోనే. ఆదిలాబాద్ వైపు తండాల నుంచి సైట్ పనులకు వచ్చినవాళ్లు. రూముల్లో పక్కవాళ్లు అడివోళ్లనేవారు, స్నానానికి అందరికన్నా వెనక నిలబెట్టేవారు. నలుగురు కలిసి తిరిగితే ఆ మాటలు కొంచెం తగ్గేవి. చాటుగా మందు అమ్మేవాళ్ల కన్ను అప్పుడే పడింది. బలమైన పిల్లలు, అడిగే దిక్కు లేనివాళ్లు. ఫోన్లు కొనిపెట్టారు, బిర్యానీలు తినిపించారు, చివరికి తమ అడ్డాల కాపలాకని ఇనుప రాడ్లు చేతికిచ్చారు. ఒక బ్యాచు రాథోడ్‌లది, ఇంకోటి పవార్‌లది. ఊళ్లో పిల్లనిచ్చి పుచ్చుకునే రెండు వంశాలు మస్కట్ వచ్చి రెండు గ్యాంగులయ్యాయి. నేను పుట్టింది రాథోడ్‌లలో, మెట్టింది పవార్‌లలో. నా ఒక్కగానొక్క తమ్ముడు రాథోడ్ బ్యాచులో ఉన్నాడు. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే వాడు జైలుకో, పెట్టెలో ఊరికో పోతాడు. నా భయం అదే.

పెద్దత్తకు వారానికి దొరికేది ఒక్క శుక్రవారం. అది ఆమె నిద్రపోవాల్సిన రోజు. ఆ రోజు నన్నూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లనూ వెంటేసుకుని రూములు తిరిగేది. ప్రతి రూములో ఒకడిని ఒప్పించి పెట్టుకుంది. రాడ్లు బయటికి తీశారంటే వాడు ఆమెకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. నా పని తండాల్లో ఉన్న తల్లులకు వీడియో కాల్ కలపడం. ఫోన్ తెరలో తల్లి కనబడగానే కొందరు బాత్రూంలో దాక్కునేవాళ్లు. ఒకసారి మా మీద చెప్పులు విసిరారు. ఆమె ఒక చెప్పు ఏరుకుని, "రెండోది గూడ ఎయ్‌రా, ఒక్కటి నేనేం జేసుకోను?" అంది.

గుమ్మంలో అడుగుపెట్టగానే, ఎందుకు కొట్టుకుంటున్నారని ఆమె ఎప్పుడూ అడగలేదు. "నీ గోత్రమేందిరా?" అనేది. ఎవడు ఎవడికి బావ అవుతాడో, ఎవడు బామ్మర్ది అవుతాడో తేల్చేదాకా కూర్చునేది కాదు. ఒక రూములో ఒక గోండు పిల్లవాడున్నాడు. ఊళ్లో వాళ్లకూ మాకూ పడదు. వాడు మొండిగా, "మాది ఏడు దేవుళ్ల గోత్రం. మీకేం తెలుస్తది?" అన్నాడు.

"ఏడుగురు దేవుళ్లుండి గూడ నీకు తల దువ్వుకునే బుద్ధియ్యలేదారా? ఇట్ల కూసో. నువ్వు గూడ చుట్టమే. నీకూ తిట్లు పడతయి."

ఆమె నమ్మకమంతా ఆ తిట్ల మీదే. మా పెళ్లిళ్లలో పిల్ల తరఫువాళ్లు పిల్లగాడి తరఫువాళ్లను నోరారా తిట్టవచ్చు. వాళ్లూ తిరిగి తిట్టవచ్చు. ఎంత మాటైనా పడాలి. చెయ్యి లేపినవాడికి మాత్రం పంచాయితీలో దండుగ, ఊరంతా నవ్వు. "కోపం ఆకలసొంటిది. పెట్టకపోతే దొంగతనం జేస్తది," అనేది. "తిట్టుకోండ్రి. తిట్టుకు నెత్తురు రాదు," అనేది.

ఇది మందు అమ్మేవాళ్లకు నచ్చలేదు. మీ పనిమనిషి మగవాళ్లను పోగేసి మీటింగులు పెడుతోందని ఎవరో మేడమ్‌కు ఫోన్ చేశారు. మేడమ్ ఆమె శుక్రవారాలు తీసేసింది. అయినా ఆమె ఊరుకోలేదు. ఆ రోజుల్లో ఆమె పంపిన వాయిస్‌లన్నిటిలో కుక్కర్ కూతలు వినిపిస్తాయి, వాటిని మించి ఆమె తిట్లు. మళ్లీ సెలవు ఇచ్చిన మొదటి శుక్రవారమే, మస్కట్‌కు దూరంగా సముద్రం ఒడ్డునున్న ఖబూరా నుంచి మిస్డ్ కాల్ వచ్చింది.

ఖబూరా తోటల్లో పనిచేసే పవార్ పిల్లలు, అంతకుముందు నా తమ్ముడి రూములో ఉండే ఒకడి తల పగలగొట్టారు. అందుకు ఇప్పుడు రాథోడ్‌లు బండి కట్టుకుని బయల్దేరారు. నేను తమ్ముడికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. వాడు ఎత్తలేదు. మేము టాక్సీలో వెళ్లేసరికి నమాజు వేళ, దుకాణాలు మూసి ఉన్నాయి. వాటి వెనక ఖాళీ జాగాలో రెండు పికప్‌లు ఎదురెదురుగా ఆగి ఉన్నాయి. అందరి చేతుల్లో రాడ్లున్నాయి. నా తమ్ముడు ముందు నిలబడి ఉన్నాడు.

పెద్దత్త ఒక ఖాళీ టమాటా పెట్టెను రెండు గుంపుల నడుమ బోర్లించి కూర్చుంది.

"లే ముసల్దానా," అన్నాడు నా తమ్ముడు. "నువ్వు పవార్ల దానివి. వాళ్ల దిక్కే మాట్లాడుతవ్."

"అవునురా. పవార్ల ఇంటి పెద్దదాన్ని. మీ అక్కను తెచ్చుకున్న ఇంటిదాన్ని. మీరు తిట్టాల్సింది నన్నే. ముందు మీ అక్క తిడతది," అంది. నా వైపు తిరిగి, "తిట్టవే," అంది.

పరాయి మగవాళ్ల ముందు, పెద్దత్తను, నేను తిట్టాలి. "మీ ఇంట్ల కూర చప్పగుంటది," అన్నాను.

"ఏమన్నది? వినవడ్తలేదు!" అన్నాడు వెనక ఒకడు. ఎవరూ నవ్వలేదు. తమ్ముడు ఒక అడుగు ముందుకు వేశాడు.

ఆమె నన్ను చూసి మొహం చిట్లించింది. మా పెళ్లిళ్లలో పిల్ల ఎద్దు మీద నిలబడి ఏడుస్తూ పాడాలి. నా పెళ్లి రోజు నాకు గొంతు పెగలలేదు, పాడకుండానే దిగిపోయాను. "ఎద్దు మీద నిలవెడితే ఎద్దుకన్న మూగదానివయినవ్," అంది ఆమె అందరూ వినేలా. "మీ రాథోడ్ల ఆడపిల్లకు నాలుక గూడ పెట్టి పంపలే. తమ్మున్ని మింగినంక ఏడుస్తవా?"

నాకు ఒళ్లు మండింది.

"నీ నోట్ల పడ్డ మనిషి నరకానికి పోతే సల్లగుందనుకుంటడు!" అని అరిచాను. "మీ పవార్ల ఇంట్ల కోడలు బువ్వ తినాల్నంటే ముందు తిట్లు తినాలె! పండుగకు చీర పెడతరు, దాని మీద ఏడాది పొడుగున సాధిస్తరు!"

ఇవి ఉత్తుత్తి తిట్లు కావు. కడుపులో ఉన్నవే. చాలా అన్నాను. కొన్ని ఇక్కడ రాయలేను. ఆమె పెట్టె మీద నిటారుగా కూర్చుని అన్నిటికీ తల ఊపింది, లెక్క సరిగానే ఉందన్నట్టు.

నా తమ్ముడు ఆగిపోయి నా వైపు చూశాడు. నేను గట్టిగా మాట్లాడగా వాడు ఎప్పుడూ వినలేదు. తరవాత వాడి నోరూ లేచింది. "మా అక్కను మేక లెక్క ఇచ్చినం. తాడు గూడ వాపస్ ఇయ్యలే మీరు!"

పవార్ల వైపు నుంచి వెంటనే జవాబు వచ్చింది. "తాడు మీ అక్కనే దాచింది బామ్మర్దీ, నిన్ను కట్టేయనీకి!"

ఎవరో నవ్వారు. అటు నుంచో ఇటు నుంచో తెలియదు. ఆ తరవాత అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. వంటలు, మీసాలు, బండ్లు, తాతలు, దేన్నీ వదలలేదు. తిట్టాలంటే చేతులు ఊపాలి. రాడ్డు పట్టుకుని ఊపితే చెయ్యి నొప్పెడుతుంది. నా తమ్ముడు మాట నడుమ రాడ్డును పికప్‌లోకి విసిరి, రెండు చేతులూ చాచి మళ్లీ అందుకున్నాడు.

తల పగిలినవాడు మాత్రం కట్టుతో బండి లోపలే కూర్చున్నాడు. పెద్దత్త లేచి వాడి కిటికీ దగ్గరికి వెళ్లింది. వాడు ఆమె మొహం మీద ఉమ్మాడు. పవార్లు రాడ్లు మళ్లీ పైకెత్తారు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, వాళ్ల వైపు చెయ్యి అడ్డం పెట్టి, "ఇది గూడ తిట్టే. మనం వానికి బాకీ," అంది. రాడ్లు కిందికి దిగాయి.

ఆ రోజు ఎవరూ కౌగిలించుకోలేదు. ఎవరూ క్షమించమనలేదు. నా తమ్ముడు ఇప్పటికీ నాతో సూటిగా మాట్లాడడు. సంతాప సభకూ రాలేదు. కానీ ఆ బ్యాచుతో తిరగడం మానేశాడు, డ్యూటీకి పోతున్నాడు. అమ్మకు ఫోన్ చేస్తున్నాడని అమ్మే చెప్పింది. పెద్దత్త ఫోటోకు దండ వేసినవాళ్లకు ఇది తెలియదు.

ఆ రోజు రాథోడ్‌ల పికప్ ముందు కదిలింది. తమ్ముడు వెనక ఎక్కి నిలబడి, "మా అక్కకు కూరల ఉప్పెయ్యుండ్రే, పిసినారి ముండల్లారా!" అని అరిచాడు. పెద్దత్త బండి వెంట నాలుగడుగులు ఉరికింది. "మీ అక్కకు వండుడు నేర్పి పంపకపోతిరి, ఇప్పుడు ఉప్పడుగుతున్నవా దొంగ నా కొడకా!" బండి పెద్ద రోడ్డెక్కింది. వాడు ఇంకా ఏదో అంటున్నాడు, సముద్రపు గాలికి మాట తెలియడం లేదు, చేతులు ఊగడం మాత్రం కనబడుతోంది. ఆమె రోడ్డు అంచున నిలబడి, ఎగిరిపోతున్న కొంగును ఒక చేత్తో తల మీద అదిమి పట్టుకుని, రెండో చేత్తో ఖాళీ రోడ్డును తిడుతూనే ఉంది.