పికప్ బండిలో నన్ను నేనే బిగించుకున్న వైనం

బండి కింద పడ్డవాళ్ళుంటారు, బండి మీద నుంచి పడ్డవాళ్ళుంటారు. బండికి కొత్త అడుగు రేకు వేస్తూ తనను తానే లోపల బిగించేసుకున్నవాడు మాత్రం మా పర్చూరు చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఇప్పుడు చెప్పబోయేది ఆ ఘోరం గురించే. కంగారు పడకండి, ఇందులో గాయాలు లేవు, ప్రాణనష్టం లేదు. పరువునష్టం ఉంది. అది ఎంతన్నది చదివాక మీరే తేల్చండి.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. మాకు మిరప, పత్తి సాగు. నాన్న ఎప్పుడో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పికప్ బండి ఒకటి ఉండేది. సీజన్లో మిరపకాయల బస్తాలు గుంటూరుకు మోసేది. మిగతా రోజుల్లో ఎరువులు, పశువుల మేత, పెళ్ళిళ్ళకు చుట్టాలు, ఏదెక్కిస్తే అది. ఇంజను గుండ్రాయి లాంటిది. తుప్పంతా అడుగునే పట్టింది. రబ్బరు మ్యాటు ఎత్తి చూస్తే డ్రైవరు కాళ్ళ కింది రేకు మడతకాజాలాగా పొరలు పొరలుగా ఊడొచ్చేది. మ్యాటు ఎత్తకుండా ఉంటే అంతా బాగానే ఉన్నట్టు. మేం చాలా ఏళ్ళు అలాగే ఎత్తకుండా గడిపేశాం.

ఒక సోమవారం సాయంత్రం నాన్న ఒంటి చెప్పుతో బండి దిగాడు.

“రెండోదేది మావయ్యా?” అంది నా భార్య పద్మ.

“రోడ్డు మీదుందమ్మా. నాకంటే ముందే దిగింది.”

చెప్పుతో పోయింది కాబట్టి సరిపోయింది. రేపు పాదం దిగితే? పైగా కల్లంలో మిరపకాయలు ఎండి సిద్ధంగా ఉన్నాయి. అల్పపీడనం అని టీవీలో ఒకటే హెచ్చరికలు. గురువారం తెల్లవారేసరికి సరుకు గుంటూరు బయల్దేరాలి. ఆ వారం కిరాయికి ఒక్క బండి ఖాళీ లేదు. సరే అని వెల్డింగ్ షాపు సాంబయ్య దగ్గరకు వెళ్ళాను.

సాంబయ్య బండి కిందకి వంగి చూశాడు. సుత్తితో రెండు చోట్ల తట్టాడు. తట్టిన రెండు చోట్లా సుత్తి లోపలికి పోయింది.

“శుక్రవారం తీసుకురా శీనా. ఇప్పుడు నాలుగు ట్రాక్టరు ట్రక్కులు నా ప్రాణం తీస్తన్నయ్.”

“గురువారానికి కావాలి సాంబయ్యా.”

“కుదరదు. ఇది మాట్లు వేసే పని కాదు, అడుగంతా కోసి తియ్యాలి. ఆత్రపడి నువ్వు మాత్రం చెయ్యి పెట్టబాకు.”

అదిగో, ఆ చివరి మాట అనకుండా ఉంటే నేను ఇంటికొచ్చి బుద్ధిగా పడుకునేవాణ్ణి. చెయ్యి పెట్టొద్దంటాడా? నాకు చేతులు లేవా? ఆ రాత్రే ఫోన్లో వీడియోలు చూశాను. ఎవరో విదేశీ పెద్దమనిషి, చొక్కా నలక్కుండా, సన్నటి సంగీతం నడుస్తుండగా, పావుగంటలో బండి అడుగు కోసి కొత్తది అతికించేశాడు. మధ్యలో ఏవో గొట్టాలు పట్టుకుని కొలతలు తీస్తూ విసిగిస్తుంటే ఆ భాగం ముందుకు జరిపేశాను.

“మీరు గేటుకి గొళ్ళెం పెట్టడానికే మొన్న రెండు రోజులు పట్టింది కదండీ” అని పద్మ మెత్తగా గుర్తుచేసింది.

“అది చెక్క గేటు. ఇది ఇనుము” అన్నాను, అదేదో పెద్ద తేడా అయినట్టు.

మంగళవారం గేట్లు చేసే స్నేహితుడి దగ్గర వెల్డింగ్ మిషను, ఇనుము కోసే గ్రైండరు అడిగి తెచ్చాను. కొత్త రేకు కొన్నాను. సీటు విప్పేశాను, బ్యాటరీ తీగలు పీకాను. గీకడం మొదలుపెట్టినప్పుడు చిల్లు నాన్న చెప్పంత ఉంది. మధ్యాహ్నానికి పళ్ళెమంత అయింది. సాయంత్రానికి చాటంత. రెండో వైపూ అదే వరస.

బుధవారం పొద్దున్నే గ్రైండరు పట్టుకుని మిగిలిన తుప్పంతా కోయడానికి దిగాను. ఇక్కడొక సంగతి చెప్పాలి. వెనక తొట్టి నిండిపోయినప్పుడు మిగిలిన ఒకటి రెండు బస్తాలు డ్రైవరు పక్కనే కూర్చుని గుంటూరు వచ్చేవి. ఏళ్ళ తరబడి వాటి నుంచి రాలిన పొడి, గింజలు, తొడిమలు ఆ మూలల్లో అంగుళం మందాన పేరుకుని ఉన్నాయి. గ్రైండరు నిప్పురవ్వలు తిన్నగా వెళ్ళి వాటి మీద పడ్డాయి.

మంట రాలేదు. పొగ వచ్చింది. ఆ పొగ గురించి మిరప పండించేవాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ముందు నేను దగ్గాను. తర్వాత పద్మ. తర్వాత గేదె. తర్వాత వీధి మొత్తం ఒక్క గొంతుతో దగ్గింది. ఎదురింటి సుబ్బాయమ్మ పిన్ని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఊడిపడింది.

“ఒరేయ్ శీనా, పోపులో ఎన్ని ఎండుమిరపకాయలేశావురా! వీధంతా ఏడుస్తంది!”

“పోపు కాదు పిన్నీ, రిపేరు!”

“ఏదైతే ఏందిరా! ఆ తలుపులేసుకుని నీ ఏడుపేదో లోపలే ఏడువు!”

రెండు బిందెల నీళ్ళు గుమ్మరించి పొగ చల్లార్చాను. తర్వాత పిన్ని చెప్పినట్టే లోపల కూర్చుని తలుపులు రెండూ ధనామని వేసుకున్నాను. జీవితంలో పెద్దల మాట తు.చ. తప్పకుండా విన్నది ఆ ఒక్కసారే. ఆ ఒక్కసారికే ఇలా అయింది.

వెల్డింగ్ తీగలు, గ్రైండరు తీగ ఎడమ కిటికీలోంచి లోపలికి తీసుకున్నాను. ఆ అద్దం జానెడు దిగి ఆగిపోతుంది. కుడి అద్దం అసలు దిగదు, దాని హ్యాండిలు ఏనాడో ఊడింది. వెనక అద్దానికి ఇనుప కమ్మీలు. ఈ వివరాలన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా వాటికి అర్థమేమిటో తోచలేదు. అడుగు లేని బండిలో అడ్డంగా ఒక చెక్క వేసుకుని దాని మీద కూర్చున్నాను. నా బరువెంతో ఇక్కడ అనవసరం. చెక్క మూలిగిందని మాత్రం చెబుతాను. కాసేపటికి బండిలో కూడా ఎక్కడో ‘కిర్ర్’మంది. నా పనితనానికి మురిసిపోతోందనుకున్నాను.

పల్చటి రేకు, చేతకాని చెయ్యి. ఒక చిల్లు పూడిస్తే పక్కన రెండు పడేవి. అయినా పట్టు వదల్లేదు. ముందు పక్క సీటు వైపు అతికించి, దాని మీదకు జరిగి కూర్చుని, డ్రైవరు వైపు కూడా అతికించాను. పదకొండింటికి పని పూర్తయింది. మడమతో తన్నాను. ‘ధణ్’మంది. ఆహా! సాంబయ్యను పిలిచి చూపిద్దామని కుడి తలుపు తీయబోయాను.

రాలేదు.

ఎడమ తలుపు తీయబోయాను. అదీ రాలేదు. భుజంతో నెట్టాను. భుజం నొప్పెట్టింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

“పద్మా!”

“ఏంటండీ?”

“ఒకసారి తలుపు బయట నుంచి తియ్యి.”

“ఏం, లోపల నుంచి రావట్లేదా?”

“వస్తుంది. నువ్వు కూడా ఒకసారి తీసి చూస్తావని.”

పద్మ లాగింది. రెండు చేతులతో లాగింది. టైరుకు కాలు తన్నిపెట్టి లాగింది. తర్వాత నా మొహంలోకి చూసి, నవ్వు దాచుకోవడానికి ఇంట్లోకి పరుగెత్తింది. ఆ నవ్వు వంటింట్లోంచి నాకు వినబడుతూనే ఉంది. అది తగ్గాక నాన్నను పంపించింది.

నాన్న బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కిటికీ దగ్గర ఆగాడు.

“నువ్వు లోపలున్నావు. అడుగు అతికించావు. తలుపులు రావట్లేదు. అంతేనా?”

“అంతే నాన్నా.”

“అయితే బండి బాగుపడ్డట్టేనా?”

పద్మ రోకలి పట్టుకుని వచ్చింది. “అద్దం పగలగొట్టనా మావయ్యా?”

“వద్దమ్మా. రేపు వానొస్తే బస్తాల కంటే ముందు మేం తడుస్తాం. కరెంటు వచ్చాక వాడు వేసిన అడుగు వాడే కోసుకుని దిగుతాడు. ఈలోపు సాంబయ్యకు ఫోన్ చెయ్యి.”

ట్రక్కు పని ముగించుకుని వస్తానన్నాడట సాంబయ్య. లైను మీద పని జరుగుతోంది, మూడింటి దాకా కరెంటు రాదని కబురొచ్చింది. నేను రేకు మీద మఠం వేసుకుని కూర్చున్నాను. జానెడు సందులోంచి ప్లేటు పట్టదు కాబట్టి పద్మ ఇడ్లీలు ఒక్కొక్కటిగా అందించింది, జంతుప్రదర్శనశాలలో లాగా. చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా అక్కడి జనం లాగే ఉన్నారు. కొందరు ఫోటోలు తీసుకున్నారు. సుబ్బాయమ్మ పిన్నికి మాత్రం మనసు కరిగింది.

“తలుపులేసుకోమన్నా గానీ బిగించుకోమన్లేదు కదరా నాయనా! ఉండు, ఎవరి కన్ను పడిందో, ఎండుమిరపకాయలు తెచ్చి దిష్టి తీస్తా.”

“వద్దు పిన్నీ! మిరపకాయలు మాత్రం వద్దు!” అని నేను వేసిన కేక పక్క ఊరికి వినబడిందంటారు.

జనం భోజనాలకు వెళ్ళిపోయారు. నాన్న స్టూలు తెచ్చి కిటికీ పక్కన వేసుకుని కూర్చున్నాడు. మాది మాటలు తక్కువ ఇల్లు. చేనుకు నీళ్ళు పెట్టావా, పురుగుమందు కొట్టావా, అంతటితో ఆగేవి మా కబుర్లు. ఆ రోజు నేను ఎటూ పోలేను, ఆయన పోలేదు.

“ఈ బండి తెచ్చిన మొదటి రోజు గుర్తుందా?” అన్నాడు ఉన్నట్టుండి.

“గడ్డివాములోకి దూసుకుపోయావుగా. బ్రేకులు పడలేదన్నావు.”

నాన్న అటూ ఇటూ చూసి, మొహం ఆ జానెడు సందు దగ్గరకు తెచ్చాడు.

“బ్రేకులు బానే పడతాయిరా. నేను తొక్కింది వేరేది. మీ అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. పుట్టింటి నుంచి వచ్చాక నువ్వూ చెప్పకు.”

నవ్వాలో వద్దో తెలియక ఇద్దరం కాసేపు మబ్బుల వైపు చూశాం. తర్వాత ఇద్దరం ఒకేసారి నవ్వాం. లోపల ఉక్కపోత. చొక్కా పిండితే బిందె నిండేది. అయినా ఆ రెండు గంటలు నాకు అంత బరువనిపించలేదు.

మూడింటికి కరెంటు వచ్చింది. నేను గ్రైండరు ఎత్తాను. రెండు రోజుల కష్టం, కాల్చుకున్న వేళ్ళు, ధణ్‌మన్న ఆ రేకు! కళ్ళు మూసుకోవాలనిపించింది గానీ గ్రైండరు పట్టుకుని కళ్ళు మూసుకోకూడదు. మనిషి పట్టేంత చిల్లు కోశాను. కాళ్ళు ముందు దించి, పొట్ట దగ్గర కాసేపు ఇరుక్కుని, పద్మ ఒక కాలు, నాన్న ఒక కాలు లాగితే బండి కింద నేల మీద పడ్డాను. వీధి జనం చప్పట్లు కొట్టారు. బురద, మసి, ఇడ్లీ తునకలతో పాక్కుంటూ బయటికొచ్చేసరికి ఎదురుగా రెండు పాదాలు కనిపించాయి. తలెత్తాను. సాంబయ్య.

అతను తలుపు సందు చూశాడు. తెచ్చిన జాకీని తలుపు కింద ఉన్న బండి అంచుకు చెక్క ఆనించి పెట్టాడు. నాలుగు తిప్పులు తిప్పాడు.

‘టక్’మని తలుపు దానంతటదే తెరుచుకుంది.

“రెండు వైపులా ఒకేసారి కోస్తే బండి నడుం జారద్ది శీనా. దానికి తోడు నువ్వెక్కి కూర్చున్నావు. జారినదాన్ని జారినట్టే అతికించావు. తలుపులెట్టా వస్తయ్? ముందు లోపల గొట్టాలు అడ్డం కట్టుకోవాల.” అప్పుడు చిల్లులోకి తొంగిచూశాడు. “అది సరే, జాకీ పెడితే అయ్యేదానికి అడుగెందుకు కోశావు?”

నాన్న వెనక్కి తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు అదురుతున్నాయి.

ఆ గొట్టాలే నేను వీడియోలో ముందుకు జరిపేసిన గొట్టాలు.

సాంబయ్య ట్రక్కులన్నీ పక్కన పెట్టి, గొట్టాలు కట్టి, బండి నడుం ఎత్తి, పొద్దుగూకేలోపు అడుగు వేసిచ్చాడు. గురువారం తెల్లవారుతూనే నాన్న, నేను బస్తాలతో బయల్దేరాం. దారంతా మా ఇద్దరి మధ్య మాటలు ఆగలేదు. గుంటూరులో ఆఖరి బస్తా కప్పు కిందకి చేరాక వాన మొదలైంది. ఒక్క కాయ తడవలేదు.

ఇక నా ప్రతిజ్ఞ. తూర్పుకు తిరిగి, స్నానం చేసి, శుభ్రమైన బట్టలు కట్టుకుని చెబుతున్నాను. బతికుండగా వెల్డింగ్ హోల్డరు పట్టను. ఎవరైనా బలవంతంగా పట్టించినా, నేను బయటే ఉన్నానని ఇద్దరు పెద్దమనుషుల చేత కాగితం మీద సంతకాలు పెట్టించుకోకుండా ఒక్క నిప్పురవ్వ కూడా రానివ్వను. ఆ ఇద్దరూ కూడా బయటే ఉండాలి.