తొమ్మిది గంటల కానాగంతలు

మీరు ఒక అభిప్రాయంతో సభకు వెళ్లి, అది తప్పని తెలుసుకుని ఇంటికి వచ్చింది ఎప్పుడు? చప్పట్లు కొట్టి, భోజనం చేసి, వాళ్లిచ్చిన సంచీ తగిలించుకుని వచ్చిన సభల సంగతి నేనడగడం లేదు. ఆ రోజుల్లో, అంటే విశాఖలో నేను చేపల మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో, నన్నెవరైనా ఇలా అడిగి ఉంటే ఎగిరిపడేవాణ్ని. నేను మారడమేమిటి, మారాల్సింది దేశం కదా! గ్రహణం పేరు చెప్పి హాస్టల్ మెస్ మూసేస్తే ఖాళీ కంచం పట్టుకుని గుమ్మంలో బైఠాయించినవాణ్ని. చేతికి తాయెత్తు కట్టినవాడు బస్సులో పక్కన కూర్చుంటే, వాడు దిగిపోయేదాకా వాదించేవాణ్ని (చాలామంది తమ స్టాపు రాకముందే దిగిపోయేవారు). "రుజువేది?" అన్నది నా ఊతపదం. నా గదిలో ఉండే దువ్వాడ బావ నాకు ఆ పేరే ఖాయం చేశాడు. "ఒరే రుజువూ, సబ్బిటియ్యరా" అనేవాడు.

నా పరిశోధన కానాగంతల మీద. మన తీరంలో విరివిగా దొరికే ఆ చేపల పొడవు ఏడాది పొడవునా కొలిచి, సముద్రంలో వాటి పరిస్థితి ఎలా ఉందో తేల్చాలి. మూడేళ్లపాటు వారానికి రెండుసార్లు ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లాను. హాస్టల్లో ఇడ్లీ తిని, బస్సెక్కి, తొమ్మిదింటికి చేరుకునేవాణ్ని. అక్కడ చేపలమ్మే పిన్ని ఒకావిడ ఉండేది. భర్తా కొడుకులూ వేటకు వెళితే, ఒడ్డున అమ్మకమంతా ఆవిడదే. "ఒచ్చేసేవా, కొలతల బాబూ!" అంటూ ఒక బుట్ట నా ముందుకు తోసేది. నేను స్కేలు పెట్టి కొలుచుకుని, రాసుకుని వచ్చేసేవాణ్ని. మూడేళ్ల పట్టికల్లో చెప్పుకోదగ్గ పెద్ద చేప ఒక్కటి లేదు. నా గుండె ఉప్పొంగింది. మన కానాగంతలు పెద్దవి కావడం లేదు! పెరిగేలోపే పట్టేస్తున్నాం! కాబట్టి ఏటా వేట ఆపే కాలాన్ని ఇంకా పొడిగించాలని సిఫారసు కూడా రాసేశాను. ఆ పొడిగించిన రోజుల్లో పిన్ని ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్నది నా పట్టికలో లేదు.

ఆ పత్రం చదివే అవకాశం విశాఖలోనే జరిగిన చేపల శాస్త్రవేత్తల సభలో వచ్చింది. అధ్యక్షులు మా గైడుగారు. పొద్దున్నంతా జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛాలు, శాలువాలు. మత్స్యకారుల ప్రతినిధి అని చెప్పి పిన్నికీ ఒక శాలువా కప్పారు (ఆవిడ పేరు ఇచ్చింది నేనే). కప్పి, ఫొటో తీసి, ముందు వరసలో కూర్చోబెట్టారు. మైకు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వాలని నాకూ తోచలేదు. పెద్దల ఉపన్యాసాలు ముగిసేసరికి కుర్రవాళ్లకు తలా ఆరు నిమిషాలు మిగిలాయి. గంట కొట్టే పని బావకు అప్పగించారు.

నేను ఇంగ్లిషులో దంచేశాను. తెర మీద తన బుట్టను గుర్తుపట్టిన పిన్ని, పక్కనే ఉన్న బావను మోచేత్తో పొడిచింది.

"ఏటంతన్నాడు మన బాబు?"

"కానాగంతలు పెద్దవవట్లేదంట పిన్నీ. వేట ఇంకొన్నాళ్లు ఆపేయాలంతన్నాడు."

"ఎవులు సెప్పేరు ఆడికి?"

"నువ్విచ్చిన చేపలే సెప్పేయంట!"

పిన్ని లేచి నిలబడింది. ఆవిడకు మైకు అక్కర్లేదు. "ఓ బాబూ! నాను నీకిచ్చినవి ఏలం పాటలో మిగిలిపోయినవి కదేటి! పెద్ద సేపలు తెల్లారగట్లే ఎలిపోతాయి. నువ్వేమో తిని, తల దువ్వుకుని తొమ్మిదింటికొత్తన్నావు. నీ కోసం కూకుంటాయేటి?"

హాలు గొల్లుమంది. గైడుగారు గడియారం చూసుకుని, "ప్రశ్నలకు వ్యవధి లేదమ్మా, టీకి వెళదాం" అన్నారు. బావ గంట కొట్టాడు. మూడేళ్లలో నా పనికి ఎదురైన ఒకే ఒక్క నిజమైన పరీక్ష అలా టీలో కలిసిపోయింది. అప్పుడు నాకు కలిగింది కోపం కాదు, బతికిపోయానన్న సంతోషం. ఊరందరినీ రుజువులడిగిన వీరుడికి తన వంతు వచ్చేసరికి గంట తీయగా వినిపించింది.

"బాగా చదివావోయ్. సిఫారసు రేపటి తీర్మానాల్లో పెట్టేద్దాం" అన్నారు గైడుగారు. వరండాలో పిన్ని నా దారికి అడ్డంగా నిలబడింది. "ఒక్క పొద్దు సీకటితో రా బాబూ. సూసినాక నీకేటి రాయాలనిపిత్తే అది రాసుకో."

మర్నాడు బావ స్కూటరు మీద ఐదింటికే హార్బర్‌కు చేరాను. తట్టల నిండా, నా పట్టికలో గడే లేనంత పెద్ద కానాగంతలు. పిన్ని నన్ను చూసి నవ్వింది. తిట్టినా బాగుండేది. తిన్నగా సభకు వెళ్లి, "సార్, నేను రాసింది తప్పు" అన్నాను. "అందరూ చప్పట్లు కొట్టారు కదయ్యా!" అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. వేదికెక్కి సిఫారసు వెనక్కి తీసుకున్నాను. పీహెచ్‌డీ ఏడాదిన్నర వెనక్కి పోయింది. వేట ఆపే రోజులు మాత్రం నా మాట మీద పెరగలేదు.

ఇకమీదట సభలు ఎలా జరగాలో చెప్పమని ఈమధ్య మా శాస్త్రవేత్తల సంఘం అందర్నీ అడిగింది. హాళ్లలోనా, కంప్యూటర్ తెరల మీదనా అని పెద్ద రగడ. ఎక్కడ కూర్చున్నా ఎదురు మాట వినని సభ బొమ్మల కొలువే అని రాశాను. ఆశ్చర్యం, విన్నారు! ఈసారి విశాఖ సభకు ఉపన్యాసాలన్నీ ముందే రికార్డు చేసి పంపుతారు. సభలో ప్రశ్నలే ఉంటాయి. ప్రయాణం చేయలేనివాళ్లు తెర మీద నుంచి అడుగుతారు. మొదటి సమావేశం తెల్లవారుజామున హార్బర్‌లోనే, పడవలు చేరే వేళకు. మొదటి ప్రశ్న వేటవాళ్లదే.

నేను మాత్రం మహా మారిపోయానని అనుకోకండి. కిందటి సభలో అధ్యక్షుణ్నై, నా ఉపన్యాసాన్నే అరగంట ఎక్కువ లాగాను. చివర ఓ అమ్మాయి చెయ్యెత్తింది. నా కన్ను చప్పున గడియారం మీదికి పోయింది. వెంటనే సిగ్గేసి, అడగమన్నాను. అడిగింది. నా లెక్కలో పొరపాటు తేలింది. ఈ వయసులోనూ చెవులు ఎర్రబడతాయని ఆ రోజే తెలిసింది. ఇంటికి వెళ్లేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

మీరు డాక్టరో, ఇంజనీరో, పంతులమ్మో, ఎవరైనా సరే, మీ సంఘం పంపిన సభ ఆహ్వానం ఒకసారి తీయండి. అట్టడుగున "సమయముంటే ప్రశ్నలు" అని ఉంటుంది చూడండి. ఆ మొదటి మాట కొట్టేసి, ఇవాళే వెనక్కి పంపండి.