నల్ల ఫొటో కోసం గద్వాల దాకా

"టీల చక్కెర తక్కువైంది" అన్నాడు మా ఆయన. "ఊకో, రేపు ఎక్కువేస్త" అన్నాను. అవే మా ఆఖరి మాటలు. మధ్యాహ్నం చేనులోనే కూలబడి పోయాడు.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లె కూతురు స్వప్న రాస్తోంది.

సంవత్సరీకం దగ్గర పడింది. గోడకు పెట్టడానికి మా మరిది స్టూడియోలో ఫొటో చేయించాడు. వాళ్లు మొహం తెల్లగా చేసి, మెడ కింద కోటు అతికించి, వెనక నీలం పరదా వేశారు. అది మా ఆయన కాదు. అసలు ఫొటో తీసింది నా మేనల్లుడు రాజు. గద్వాలలో పెళ్లి ఫొటోలు తీస్తాడు. అందుకే బయలుదేరాను.

తిమ్మాజిపేటలో పొద్దున ఏడింటికి బస్సెక్కాను. నాగర్‌కర్నూల్‌లో మారాలి, వనపర్తిలో మళ్లీ మారాలి. ఆడవాళ్లకు టికెట్టు పైసలు లేవు గానీ ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. వనపర్తి బస్టాండులో ఇడ్లీ తిన్నాను, చట్నీ అంతా నీళ్లే. పెబ్బేరులో ఎక్కిన ఒకామె నా ఒళ్లోని స్టూడియో ఫొటో చూసింది.

"ఎవరమ్మా, బ్యాంకు సారా?"

"మా ఆయన. కూలికి పోయేటోడు."

"అయ్యో, గట్ల లేడు గద!" అని నాలుక కరుచుకుంది.

కృష్ణ బ్రిడ్జి దాటేదాకా ఫొటోను బోర్లించే పెట్టుకున్నాను.

గద్వాల చేరేసరికి పన్నెండు దాటింది. రాజు అన్నం పెట్టించి, కంప్యూటర్లో అసలు ఫొటో తెరిచాడు. పశువుల కొట్టంలో మా ఆయన. తలుపులోంచి వచ్చిన వెలుతురు ఒక్క చెంప మీదే పడింది.

"చెంప వెలుగుకు సరిపోయేటట్టు కెమెరా పెట్టి తీసిన అత్తా. మిగతాది చీకటైతె కానీ అనుకున్న."

వెలుగు తగ్గించే గీతను రాజు తెర మీద జరుపుతుంటే గోడ, గడ్డి, తాళ్లు ఒక్కొక్కటే నలుపులో మునిగాయి. కన్ను కూడా మునిగింది.

"ఆగురా! కన్ను లేకుంటె మనిషే లేడు."

కంటి చుట్టూ గుండ్రంగా గీసి, అక్కడ మాత్రమే వెలుగు పెంచాడు. నుదుటి మీద ఎద్దు కొమ్ము తగిలిన మచ్చ కూడా తేలింది. ఇప్పుడు ఆయనే.

కింద మూలన ఒక చెయ్యి ఉంది. నిండా గాజులతో నీళ్ల చెంబు అందిస్తోంది. నాదే. స్టూడియో వాళ్లు దాన్ని కోసేశారు.

రాజు నా బోసి చేతుల వైపు చూసి ఆగాడు. "తీసేద్దమా అత్తా? పోయినాయన ఫొటోల గాజుల చెయ్యంటె మంది ఏమన్న అంటరు."

"తియ్యకు. చీకట్ల పెట్టు."

"ఎంత?"

"నాకు కనబడాలె. వాళ్లకు కనబడొద్దు."

కొద్దికొద్దిగా తగ్గించాడు. గాజుల ఎరుపు పోయింది. అంచు మీద సన్నని మెరుపు మిగిలింది. "గంతే, ఉంచు" అన్నాను.

రాజు ప్రింటు తీసిచ్చిన ఫొటోతో నాలుగింటి బస్సుకు తిరుగు ప్రయాణం. పక్క సీటు పెద్దాయన ఫొటో చూసి, "ఏందమ్మా, గింత నల్లగొచ్చింది? మళ్ల తీపియ్యి" అన్నాడు.

"మా ఆయన నలుపే అన్నా."

ఎంత దగ్గరగా చూసినా నా చెయ్యి ఆ పెద్దాయనకు కనిపించలేదు. పోయినవాళ్ల ఫొటో చేయించేవాళ్లు తీసినవాళ్ల దగ్గరికే పోండి, పక్కనే కూర్చోండి. మరిది ఏమన్నా సరే, గోడకు ఇదే పెడతాను.

స్వప్నా, చెయ్యి ముచ్చట గూడ రాసినవా? రాసినవా బిడ్డా? సరె, ఉండనీ. జర గట్టిగ చదువు, వింట.