పసుపు కళ్లాల నడుమ ఏసుదానం కారు

ఏసుదానం చేతులకు కుదురు లేదు. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద ఉన్న ఆయన షెడ్డుకు బండి వచ్చిందంటే చాలు, కంపెనీవాళ్లు పెట్టిన చోట ఏ వస్తువునూ ఉండనివ్వడు. హారన్ ఇక్కడెందుకు, బ్యాటరీ అటు జరిగితే ఏం పోయింది అని గొణుక్కుంటూనే పానా అందుకుంటాడు. ఇంట్లోనూ అదే వరస. తెల్లారితే భార్య శారమ్మ ఉప్పు డబ్బా కోసం వంటింట్లో వెతుకులాడాల్సిందే.

"దేవుడు లోకం చేసేటప్పుడు నువ్వు లేకపోవుడే మంచిగైంది. సూర్యుణ్ని గూడ జరిపెటోనివి" అనేది ఆమె.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. బోధన్ చుట్టుపక్కల చెరుకు రైతులు అప్పుడప్పుడే ఏసీ కార్లు కొంటున్నారు. క్రషింగ్ సీజన్ మొదలైతే చెరుకు పిప్పి పొట్టు గాలిలో లేచి, ఏసీ వేసినప్పుడల్లా చల్లగాలితో పాటు మొహాన కొట్టేది. ఆ కార్లలో చాలావాటికి లోపలికొచ్చే గాలిని వడగట్టే ఫిల్టరే లేదు మరి! ఏసుదానం రేకు పెట్టె ఒకటి చేసి, హైదరాబాద్ నుంచి తెప్పించిన ఫిల్టర్‌ను అందులో ఇమిడ్చి, బానెట్ కింద గాలి పోయే దారిలో బిగించేవాడు. చోటు చాలకపోతే అడ్డమున్న సెన్సర్‌ను లేపి ఇంకోచోట పెట్టేవాడు. అలా ఆయన పేరు బోధన్ దాకా పాకింది.

నిజానికి ఈ విద్య గిరాకీల కోసం పట్టింది కాదు. శారమ్మకు దమ్ము. దుమ్ము తగిలితే ఊపిరాడక విలవిల్లాడుతుంది. ఆమె పుట్టిందేమో ఏర్గట్ల, చుట్టూ పసుపు పండే నేల. ఎండాకాలం మొదట్లో అక్కడ ప్రతి కళ్లంలోనూ పసుపు డ్రమ్ములు తిరుగుతాయి. ఎండిన కొమ్ముల్ని డ్రమ్ములో పోసి తిప్పితే పైపొట్టు రాలి నిగనిగలాడతాయి. ఆ పొట్టంతా పచ్చటి దుమ్మై రోడ్డు మీదికి కమ్ముకొస్తుంది. ఒక ఏడు బస్సులో బయల్దేరి, ఆర్మూర్ దాటకుండానే ఆస్పత్రి పాలైంది శారమ్మ. ఆ తరువాత తల్లి బాలవ్వ పోయింది కూడా ఆ కాలంలోనే. మట్టికి శారమ్మ వెళ్లలేదు.

ఎందుకు రాలేదో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఏసుదానం చెప్పనిస్తే కదా! భార్యకు దమ్మని నలుగురికీ తెలియడం ఆయనకు నామోషీ. "మన ఇంట్ల సంగతి మందికెందుకు? నేన్జేస్త గదా ఏదో ఒకటి" అనేవాడు. ఊరు మాత్రం ఊరుకుంటుందా? టౌనుకు పోయి బలిసింది, కన్నతల్లి మట్టికి కూడా రాలేదు అని ఆడిపోసుకుంది.

ఇప్పుడు శారమ్మ తమ్ముడు పేతురు కూతురి పెళ్లి కుదిరింది. ఈస్టర్ వెళ్లిన వారమే ముహూర్తం. డ్రమ్ములు ఇంకా తిరుగుతూనే ఉంటాయి.

"గీ పెండ్లికి పోకపోతే నాకు తల్లిగారిల్లు లేనట్టే. సచ్చినా సరే, పోత" అంది శారమ్మ.

"సావు మాటలెందుకే? నేన్లేనా?" అన్నాడు ఏసుదానం. ఆ క్షణం నుంచి ఆయనకు తిండి లేదు, నిద్ర లేదు. ఒక పాత కారు కొన్నాడు. పసుపు దుమ్ముకు ఒక్క ఫిల్టర్ ఆనదని, రెండు కలిపి పెద్ద పెట్టె చేశాడు. ఆ పెట్టెకు చోటు కావాలంటే, ఇంజన్ ఎంత గాలి పీలుస్తోందో కనిపెట్టే సెన్సర్ అడ్డం. దాన్ని ఊడదీసి, పొగగొట్టం పక్కన బిగించి, మధ్యలో పొడవాటి రబ్బరు గొట్టం వేశాడు. ఊళ్లో ఒక చుట్టు తిప్పితే కారు గుర్రంలా పోయింది. అయినా మనసు ఒప్పుకోక పెట్టెను విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు.

"ఇగ సాలు తియ్యి, దాన్ని గట్ల ఉండనియ్యి" అంది శారమ్మ. ఆయన వింటేనా?

పెళ్లిరోజు పొద్దున్నే అద్దాలన్నీ ఎక్కించి, ఏసీ వేసుకుని బయల్దేరారు. ఆర్మూర్ దాటింది. మోర్తాడ్ దాటింది. రెండువైపులా పచ్చటి దుమ్ము లేస్తున్నా కారులోకి రవ్వంత రాలేదు. శారమ్మ కొత్త పట్టుచీర కొంగు సర్దుకుని, "నీ పాడుగాను, ఏం జేసినవయ్యా! మంచిగ దమ్ము తీసుకుంటున్న" అని మొగుడి భుజం మీద చరిచింది. ఏసుదానానికి కళ్లు చెమర్చాయి.

అంతలో ఇంజన్ దగ్గింది. ఒక కుదుపు, ఇంకో కుదుపు. సరిగ్గా ఒక పసుపు కళ్లం ముందు ఆగిపోయింది.

దిగి బానెట్ ఎత్తాడు. పొగగొట్టం వేడికి రబ్బరు గొట్టం మెత్తబడి అతుక్కుపోయింది. దాన్ని కోస్తే పొడవు చాలదు. సెన్సర్ పాత చోటికి పోతేనే ఇంజన్ నడుస్తుంది, పెట్టె పీకితేనే పాత చోటు దొరుకుతుంది. ఇంజన్ కావాలంటే ఫిల్టర్ ఉండదు, ఫిల్టర్ కావాలంటే ఇంజన్ లేదు. లోపల ఏసీ ఆగింది, కారు పొయ్యిలా కాగుతోంది. అద్దం దించితే దుమ్ము. శారమ్మ మందు పంపు నోట్లో పెట్టుకుని పీలుస్తోంది. ఆమె రొమ్ములోంచి వస్తున్న పిల్లికూత అద్దం అవతలికి వినపడుతోంది. ఏసుదానం పానా పట్టుకుని కళ్లం వైపు తిరిగాడు.

డ్రమ్ము ఆపమని అడిగితే? ఛీ, ఎలా అడుగుతాడు? ఆ డ్రమ్ము అద్దెది, ఒక కళ్లం తరువాత ఇంకో కళ్లానికి వంతు. తిరుగుతున్న డ్రమ్మును ఆపమని ఆ పల్లెల్లో ఎవరూ ఎవరినీ అడగరు. తాను అసలే అడగడు.

కళ్లంలోంచి లింగవ్వ అనే ముసలామె ఒళ్లంతా పచ్చగా వచ్చి, అద్దంలోంచి తొంగిచూసింది.

"గీమె పేతురు అక్క గాదా? ఏమైందయ్యా?"

ఏసుదానం కారులోకి చూశాడు. లోపల భార్య తల వెనక్కి వాలుతోంది.

"దమ్ము, అవ్వా... దుమ్ము పడదు" అన్నాడు చివరికి.

లింగవ్వ ఒక్క ఊపున వెనక్కి తిరిగింది. "ఓ ముత్తన్నా! డ్రమ్ము బందు పెట్టురా! నీళ్లు సల్లుండ్రి!" అని కేక వేసింది. డ్రమ్ము ఆగింది. ఆడవాళ్లు బిందెలతో వచ్చి కారు చుట్టూ నీళ్లు చల్లారు. గాలి తేటపడగానే లింగవ్వ తలుపు తెరిచి శారమ్మ వీపు రాసింది. శారమ్మ ఊపిరి కొంచెం కొంచెంగా దారికొచ్చింది.

"బాలవ్వ మట్టికి గూడ ఇందుకేనా బిడ్డా రాకపోతివి?"

శారమ్మ తలూపింది.

"అయ్యో, గీ ముచ్చట మాకెవలు చెప్పిండ్రు? చెప్తే గా పూట ఊరంత బందు పెట్టకపోదుమా!"

ఏసుదానం తల బానెట్ కిందే ఉండిపోయింది. ఆయన పెట్టె పీకి పక్కన పడేశాడు. సెన్సర్‌ను కంపెనీవాళ్లు పెట్టిన చోటే బిగించాడు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది.

"ఊరి దాంక ఇంకా కళ్లాలున్నయి. దిగి అడుగు, ఏం గాదు" అంది లింగవ్వ.

తరువాతి కళ్లం ఇంకా దూరముండగానే ఏసుదానం కారాపి, దుమ్ములోకి నడిచి వెళ్లాడు. డ్రమ్ము దగ్గర నిలబడ్డ మనిషికి చేతులు జోడించాడు.

"అన్నా, జర డ్రమ్ము బందు పెడ్తవా? నా భార్యకు దమ్ము."

ఆ మనిషి వెంటనే డ్రమ్మును తిప్పే ఇంజన్ ఆపేశాడు. మూడేళ్ల కిందట, బాలవ్వ పోయిన రోజు, ఇదే రోడ్డు మీద ఈ ఒక్క మాట అడిగి ఉంటే, శారమ్మ తన తల్లి మొహం చూసుకునేది. ఏసుదానం వెనక్కి తిరిగాడు. కారులోకి వచ్చి కూర్చుని, స్టీరింగ్ మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏడ్సుడు తర్వాత," అంది శారమ్మ, ఆయన వీపు మీద చెయ్యేసి. "ముందుగాల పోనియ్యి. పాపం, ఆయన డ్రమ్ము మన కోసం ఆగింది."